టర్బో కార్ల స్పార్క్ ప్లగ్గులను గ్యాప్ కొలిచాకే బిగించాలి

సంపాదకులకు,

ఒక లీటరు, 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ కార్లు మన రోడ్ల మీద బాగా పెరిగాయి. వారంటీ తీరాక వీటిలో చాలా కార్లు మామూలు మెకానిక్ షెడ్లకే వస్తున్నాయి. అక్కడ స్పార్క్ ప్లగ్గుల విషయంలో పాత కార్ల నాటి అలవాటే నడుస్తోంది. డబ్బాలోంచి తీసిన ప్లగ్గును నేరుగా బిగించేస్తారు, మరీ పట్టింపు ఉన్నవారైతే ప్లగ్గు కొనల మధ్య ఖాళీలో, అంటే గ్యాప్‌లో, హాక్సా బ్లేడు ముక్క దూర్చి చూస్తారు. టర్బో లేని ఇంజిన్ దీన్ని చాలావరకు ఓర్చుకుంటుంది గానీ టర్బో ఇంజిన్ ఓర్చుకోదు.

ప్లగ్గు కొనల మధ్య రవ్వ దూకడానికి కావలసిన వోల్టేజీ ఆ ఖాళీ మీద, అక్కడి వాయు పీడనం మీద ఆధారపడుతుందని జర్మన్ శాస్త్రవేత్త పాషెన్ 1889లోనే నిరూపించాడు. టర్బో గాలిని ఒత్తి సిలిండర్లోకి నెడుతుంది కాబట్టి పీడనం పెరుగుతుంది, దానికి తగ్గట్టు గ్యాప్ తగ్గించకపోతే ప్లగ్గుకు విద్యుత్తు అందించే కాయిల్ వోల్టేజీ చాలదు. అందుకే మామూలు ఇంజిన్లలో 1.0–1.1 మి.మీ. వరకు ఉండే గ్యాప్ చాలా టర్బో ఇంజిన్లలో 0.7–0.8 మి.మీ. దగ్గర ఉంటుంది. మరీ దగ్గర చేస్తే రవ్వ బలహీనపడి, ఐడ్లింగ్‌లో ఇంజిన్ వణుకుతుంది.

గ్యాప్ ఎక్కువైన కారు షెడ్డులో నిలబెట్టి చూస్తే చక్కగానే తిరుగుతుంది. నిండా జనంతో శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడో, లారీని దాటడానికి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడో రవ్వ సరిగా పడక మిస్సింగ్ కొడుతుంది. మెకానిక్ ముందు కాయిల్‌ను, తర్వాత పెట్రోల్‌ను అనుమానిస్తాడు. ఈలోగా కాలని పెట్రోల్ ఎగ్జాస్ట్‌లోకి పోయి, పొగను శుద్ధి చేసే, ఎంతో ఖరీదైన కాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది.

ఎంపికలోనూ ఇదే అజాగ్రత్త. డబ్బా మీద ‘ఇరిడియం’ (ప్లగ్గు కొనకు వాడే లోహం) అని రాసి ఉంటే చాలనుకుంటారు. ఇరిడియం మన్నికకు మంచిదే, కానీ ఇంజిన్ భద్రతను తేల్చేది హీట్ రేంజ్, అంటే ప్లగ్గు తన కొన వేడిని ఎంత త్వరగా వదిలేస్తుందన్నది; త్వరగా వదిలేది కోల్డ్ ప్లగ్గు, వేడిని నిలుపుకునేది హాట్ ప్లగ్గు. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో హీట్ రేంజ్ అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు కోల్డ్ అవుతుంది, బాష్‌లో అంకె పెరిగితే హాట్ అవుతుంది. ఒకే దుకాణంలో దొరికే ఈ బ్రాండ్లను అంకె చూసి మార్చుకోవడం ప్రమాదం. అవసరానికి మించి హాట్ ప్లగ్గు వేస్తే రవ్వ పడకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్ దెబ్బతినవచ్చు. మరీ కోల్డ్ ప్లగ్గయితే ఊళ్లో నెమ్మదిగా తిరిగే కారులో తగినంత వేడెక్కక మసి పడుతుంది. రీమ్యాప్ చేయించి, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించి, బూస్ట్ (టర్బో నెట్టే గాలి పీడనం) పెంచినవారు ఒక మెట్టు కోల్డ్ ప్లగ్గు వాడటంలో అర్థముంది; మిగిలినవారు కంపెనీ చెప్పిన నంబరు దాటకూడదు.

సన్నని ఇరిడియం కొన 0.4–0.6 మి.మీ. మందమే ఉంటుంది, పెళుసు కూడా. గ్యాప్ కొలిచే నాణెం ఆకారపు గేజ్‌ను దానికి ఆనించి తిప్పితే విరుగుతుంది. సన్నని తీగలుండే వైర్ గేజ్‌తో కొలిచి, పక్క ఎలక్ట్రోడ్‌ను (కొనకు ఎదురుగా వంగి ఉండే కమ్మీని) మాత్రమే నెమ్మదిగా వంచాలి. అలా వంచడాన్ని తయారీదారే వద్దన్న ప్లగ్గయితే, సరైన గ్యాప్‌తో వచ్చే నంబరునే కొనాలి.

టైర్లలో పట్టవలసిన గాలి ఎంతో డోరు దగ్గర స్టిక్కరు మీద ముద్రిస్తున్న కార్ల కంపెనీలు ప్లగ్గు నంబరును, గ్యాప్‌ను కూడా బానెట్ లోపల ముద్రించాలని కోరుతున్నాను. ఐటీఐల్లో మోటారు మెకానిక్ శిక్షణ పొందేవారి చేత టర్బో ఇంజిన్ ప్లగ్గులను వైర్ గేజ్‌తో కొలిపించి నేర్పించాలి.

— ఒక ఆటోమొబైల్ అధ్యాపకుడు, విజయవాడ