జైలు ఆరోగ్య కార్యక్రమం: వార్షిక నివేదిక 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

జైలు లోపల సుఖవ్యాధులు, హెచ్ఐవీ, హెపటైటిస్ మీద అవగాహన సదస్సులు ఈ ఏడాది కూడా ఎప్పటిలాగే జరిగాయి. అసలు పని గేటు బయటే పడింది. మన దేశంలో ఖైదీల్లో ప్రతి నలుగురికి దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే. నల్గొండ అయినా మహబూబ్‌నగర్ అయినా, బెయిల్ కాగితం అందిందంటే మనిషి బస్టాండ్ దారి పడతాడు. మందులు సగంలో ఉన్నా, రక్తపరీక్ష రిపోర్టు రాకపోయినా ఆగడు.

ఒక లారీ డ్రైవర్ సంగతి చెప్పాలి. మూత్రంలో మంట, చీము ఉంటే లోపల డాక్టరు సుఖవ్యాధి మందుల బూడిదరంగు కిట్ ఇచ్చారు. అందులోవి అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు, ఒక్కసారే వేసుకోవాలి. తగ్గింది. బయటికొచ్చాక కొన్నాళ్లకే మళ్లీ అదే మంట. భార్యకు అంతకుముందే అంటుకుని ఉంది, కానీ ఆమెకు మందు ఇవ్వాలని ఎవరికీ తట్టలేదు. "నాకేం నొస్తలేదు గదా అక్కా, గోళీలెందుకు?" అని మా కార్యకర్తను అడిగింది. ఆడవాళ్లలో చాలామందికి ఈ జబ్బు పైకి కనిపించదు. ఇద్దరినీ కలిపి ప్రభుత్వాసుపత్రిలో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌కు తీసుకెళ్లాక గానీ గొడవ తెగలేదు. అప్పటినుంచి భార్యాభర్తలిద్దరికీ వైద్యం అందిందా లేదా అన్నదే మా రిజిస్టర్లో మొదటి గడి.

సవాయి రోగం (సిఫిలిస్) ఇంకా మోసకారి. నొప్పి లేని పుండు దానంతటదే మానిపోతుంది, రోగం మాత్రం ఒంట్లోనే ఉంటుంది. తొలి దశలో 24 లక్షల యూనిట్ల బెంజథిన్ పెన్సిలిన్ ఒక్కసారి వేస్తే నయమవుతుంది. ఆలస్యమైతే గర్భిణి నుంచి బిడ్డకూ సోకుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఏదో సూది వేయించుకుని వచ్చేవాళ్లతోనే మాకు ఎక్కువ టెన్షన్.

హెచ్ఐవీ మందులు ఒక్కరోజు కూడా ఆగకూడదు. కస్టడీలో ఉన్నవాళ్లకు పరీక్ష, కౌన్సెలింగ్, చికిత్స హక్కు అని 2017 చట్టం చెబుతోంది; అది 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. విడుదల రోజున హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి బదిలీ చీటీ, చేతిలో కొన్నాళ్లకు సరిపడా మందులు ఇవ్వాలని అడుగుతున్నాం. కొన్నిసార్లు దొరుకుతున్నాయి.

కండోమ్‌ల మాట ఎత్తితే సమావేశంలో అందరూ ఫ్యాన్ వంక చూస్తారు. ఐక్యరాజ్యసమితి సంస్థలు జైళ్లకు సూచించిన సేవల్లో అవీ ఉన్నాయి. లోపల సంబంధాలే ఉండవని కూర్చుంటే జబ్బు ఆగుతుందా? వచ్చే ఏడాదీ అడుగుతాం. ఒకే బ్లేడుతో గడ్డాలు గీయడం, పచ్చబొట్లు పొడవడం వల్ల హెపటైటిస్ బి, సి వస్తాయి; బి టీకా మూడు డోసుల్లో రెండోది నెలకు, మూడోది ఆరు నెలలకు పడాలి గనక ఆ తేదీలు విడుదల చీటీ మీదే రాయించాలని చూస్తున్నాం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఎక్కువ ఖర్చు బస్సు చార్జీలదే.

దేవరకొండ తండాల్లో కుటుంబాలతో మాట్లాడటానికి లంబాడీ బాగా వచ్చిన మహిళా కార్యకర్తలు కావాలి. వీలున్నవాళ్లు కార్యదర్శికి పేరివ్వండి. రహస్యంగా సలహా కావాలంటే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయొచ్చు, పైసా ఖర్చు ఉండదు.