మన కాలనీ సంక్షేమ సంఘం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని నిబంధన ఉంది కాబట్టి చదువుతున్నాను. డ్రైనేజీ, వీధి దీపాలు, కుక్కల సంగతి ఎప్పటికప్పుడు నోటీసు బోర్డులో పెట్టాం. బతుకమ్మ బాగా జరిగింది. ఇక మిగిలింది, మందు మానాలనుకునేవాళ్లకు సాయం చేయాలని పోయినసారి మీరు చేసిన తీర్మానం. ఈ ఏడాది మా సాయంత్రాలన్నీ దానికే పోయాయి.

నిజానికి అది ఒక్క పేజీ పని అనుకున్నాం. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కూర్చుని మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్, అదే ఏఏ మీటింగులు ఊళ్లో ఎక్కడెక్కడ జరుగుతాయో లిస్టు రాసి, జిరాక్స్ తీసి పంచితే సరిపోతుందని. ఆ లిస్టు పట్టుకుని మొదటి మనిషిని సికింద్రాబాద్ వైపు తీసుకెళ్తే గేటుకు తాళం. మీటింగు ఎప్పుడో శనివారానికి మారిందని వాచ్‌మన్ చెప్పాడు. మేం తీసుకెళ్లినాయన పాపం ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. తిరుగు బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. దిగగానే ఎటు వెళ్లాడో మీకు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ముందుగా మేం వెళ్లి చూసి రాకుండా ఎవరినీ పంపలేదు.

చూడ్డానికి వెళ్లినప్పుడు మాకూ బుద్ధి వచ్చింది. క్లోజ్డ్ మీటింగుకు తాగుడు సమస్య ఉన్నవాళ్లే వెళ్లాలి, ఓపెన్ మీటింగులో ఇంట్లోవాళ్లూ కూర్చోవచ్చు. ఆ తేడా తెలియక నేనూ ఉపాధ్యక్షులూ క్లోజ్డ్ మీటింగులో దర్జాగా కూర్చున్నాం. వాళ్లు మర్యాదగానే బయటికి పంపారు. ఒకచోట అంతా ఇంగ్లిషే, మన ఆటో అన్నకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఇంకోచోట తెలుగే, కానీ అయ్యేసరికి ఆఖరి బస్సు పోతుంది. చర్చి గదిలో మీటింగ్ అంటే మతం మారుస్తారేమోనని ఒకరింట్లో పెద్ద గొడవ. గది అద్దెకు తీసుకుంటారంతే, దేవుణ్ణి ఎవరు ఎలా అనుకుంటే అలాగే అని నచ్చజెప్పడానికి మూడు సార్లు వాళ్లింటికి వెళ్లాం. మూడుసార్లూ టీ ఇచ్చారు, నాలుగోసారి మనిషిని పంపారు. ఒక మీటింగ్ నచ్చకపోతే ఇంకోటి చూడమని అక్కడి పాతవాళ్లే అంటారు. మన ఆటో అన్నకు నాలుగోది కుదిరింది.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. కార్తీకంలో మాల వేసుకుని ఒక్కరోజులో మందు ఆపేసిన ఒకాయనకు రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. స్వామి కోపం కాదది. ఏళ్ల తరబడి రోజూ తాగే ఒంటికి ఉన్నట్టుండి మందు ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు, మతి తప్పి ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే ముందు డాక్టరు, తర్వాత మీటింగు అని పెట్టుకున్నాం. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి వెళ్లవచ్చు. ఫోనులో అడగాలంటే మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446, లేదా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది లష్కర్ బోనాలయ్యాక మన కమ్యూనిటీ హాల్లో జరిగిన ఓపెన్ మీటింగ్. అధ్యక్షులు ముచ్చటపడి శాలువాలు, మెమెంటోలు తెప్పించారు. వచ్చిన ఏఏ వాళ్లు ఒక్కటీ తీసుకోలేదు. ఫొటోలు వద్దన్నారు, ఇంటిపేరు చెప్పలేదు. హాలు ఉచితమంటే ఒప్పుకోలేదు. బయటివాళ్ల దగ్గర పైసా తీసుకోకూడదన్నది వాళ్ల నియమమట. అద్దె లెక్కపెట్టి చేతిలో పెట్టి రసీదు అడిగారు. మన సభ్యుల్లో రసీదు అడిగి మరీ డబ్బు కట్టేవాళ్లు ఎందరున్నారో కోశాధికారికి తెలుసు.

1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జను కలిసి ఏఏని మొదలుపెట్టారని ఒకాయన చెప్పారు. తర్వాత తన కథ చెప్పారు, అది ఇక్కడ రాయను. నేను చూసింది మాత్రం రాస్తాను. గుమ్మం దగ్గర మన కాలనీ మనిషే ఒకడు ఒక చెప్పు విప్పి, ఒకటి కాలికే ఉంచుకుని నిలబడ్డాడు. అరగంట పైనే అలాగే ఉన్నాడు. ఎవరూ పిలవలేదు, పిలవొద్దని వాళ్లు ముందే చెప్పారు. చివరికి రెండో చెప్పూ విప్పి, వెనక వరుసలో కూర్చున్నాడు.

ఆడవాళ్ల విషయంలో పెద్దగా ఏమీ చేయలేకపోయాం. మానాలనుకున్న ఒక చెల్లెలు గది నిండా మగవాళ్లను చూసి గుమ్మంలోంచే వెనక్కి వచ్చింది. ఆమెకు ఫోనులోనే చేరే ఆన్‌లైన్ మీటింగ్ కుదిర్చాం. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే ఉంది. మూడో వీధి టైలర్ అక్క అక్కడికి వెళ్తోంది. భర్త ఇంకా మానలేదు కానీ, ఆమె సీసాలు వెతకడం మానేసిందట.

వాలంటీర్లుగా పేరు రాయించుకున్నది 14 మంది, వచ్చింది ముగ్గురు. వాట్సాప్‌లో దండాలు పెట్టేవాళ్లకు కొదవ లేదు. బడి దారిలో ఉన్న పర్మిట్ రూమ్ మీద అర్జీ ఇచ్చాం. సంబంధిత ఆఫీసు చుట్టూ ఐదుసార్లు తిరిగితే, అర్జీ కనబడటం లేదు, మళ్లీ ఇవ్వండి అన్నారు. ఇచ్చాం.

జమాఖర్చుల పట్టిక జతచేశాం, ఆడిటర్ సంతకం అయింది. శాలువాలు వినాయక చవితికి వాడేశాం. లడ్డూ వేలం బాకీ ఒకటి ఇంకా రావాలి, వారికి గుర్తుంటుందనే అనుకుంటున్నాం.

ప్రతి మీటింగుకూ స్కూటరు మీద దింపిన ఉపాధ్యక్షులకు, ఓపెన్ మీటింగు రోజు టీ పెట్టిన మహిళా విభాగానికి, జిరాక్స్ డబ్బులు తీసుకోని షాపు తమ్ముడికి, కుర్చీలు సర్దిన పిల్లలకు, వచ్చిన ఆ ముగ్గురు వాలంటీర్లకు ధన్యవాదాలు.

వచ్చే నెల నుంచి మంగళవారం సాయంత్రం 7 గంటలకు మన హాల్లోనే తెలుగు మీటింగ్ పెట్టుకుంటామని ఏఏ వాళ్లు అద్దె అడ్వాన్సు ఇచ్చారు. 6.30కల్లా తాళం తీసి, ఫ్యాన్లు వేసి, వెళ్లిపోయే మనిషి కావాలి. లోపల కూర్చోకూడదు, ఎవరొచ్చారో బయట చెప్పకూడదు. అలాంటివాళ్లు ఇద్దరు ఈరోజే నా దగ్గర పేరివ్వండి.

కార్యదర్శి