మనిషి పడకముందే రండి: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను కోనసీమలో తాపీ మేస్త్రిని. సోమవారం గ్రీవెన్స్‌లో మేం ఇచ్చిన అర్జీలకు ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని ఫోన్‌కి మెసేజ్ వస్తోంది. మనిషి మాత్రం రావడం లేదు. అందుకే నలుగురూ చదివేలా ఇలా రాస్తున్నాను. ఏం పరిష్కరించారో మా పని దగ్గరికొచ్చి ఒక్కసారి చూపించమని మనవి.

మా బావమరిది సెంట్రింగ్ పని చేసేవాడు. ముందురోజు వాన పడి నేల నానిపోయి ఉంది. కింద చెక్క పలక కూడా వేయకుండా సరుగుడు బాదులు నిలబెట్టించారు. పైన మనుషులు ఎక్కేసరికి బాదులు దిగబడి పరంజా ఒరిగింది. పైనుంచి పడ్డవాడు మళ్లీ లేచి నిలబడలేదు. వెన్ను దెబ్బతింది, నడుం కింద స్పర్శ లేదు. ఆసుపత్రిలో కాంట్రాక్టరు ఏం రాయించాడో తెలుసా అండీ? ఇంటి దగ్గర మెట్ల మీంచి జారిపడ్డాడని. వైద్యం ఖర్చంతా తనదేనన్న మనిషి కొన్నాళ్లకే ఫోన్ ఎత్తడం మానేశాడు.

ప్రమాదం వల్ల మనిషి 48 గంటలు పనికి రాలేకపోతే అధికారులకు తెలియజేయాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే ఉండేది. మీ రికార్డుల్లో మా బావమరిది పనిలో పడలేదు, ఇంట్లో పడ్డాడు. ఇలా ‘ఇంట్లో పడ్డవాళ్లు’ మా చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఉన్నారు. కాగితం మీదకు రాని ప్రమాదాన్ని ఆపాలని ఏ అధికారికి అనిపిస్తుంది?

మన నేల సంగతి మీకు చెప్పక్కర్లేదు. నాలుగడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. తడిసిన నల్లమట్టి నిలువుగా ఆగదు. గోతి పక్కలు ఏటవాలుగా తీయాలి, చోటు లేకపోతే చెక్కలు అడ్డం పెట్టి ఆపాలి. తీసిన మట్టి అంచున పోయకుండా దూరంగా వేయించాలి, లేకపోతే ఆ బరువుకే గట్టు జారి లోపలున్న వాళ్ల మీద పడుతుంది. ఇదంతా ప్రతి మేస్త్రికీ తెలుసు. కానీ ఆ చెక్కకు డబ్బులు ఎవరివ్వాలి అనే మాట దగ్గర చెక్కే ఆగిపోతుంది, పని ఆగదు.

వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేశాక మరీ ఘోరం. జూన్‌లో నీళ్లు వదిలేలోపు కల్వర్టులు, గోడలు అన్నీ పూర్తవ్వాలని ఒకటే తొందర. మధ్యాహ్నం ఎండలో కూడా ఆపరు, రాత్రి లైట్లు పెట్టి చేయిస్తారు. కాలువ అడుగున బురదలో మనిషి వంగి కడ్డీలు కడుతుంటే వాడి నెత్తి మీదుగా పొక్లెయిన్ తొట్టి తిరుగుతూ ఉంటుంది. ఇవి ప్రైవేటువాళ్ల పనులు కావండీ, ప్రభుత్వం డబ్బిచ్చి చేయించే పనులు. ఎంబుక్ (పని కొలతల పుస్తకం) రాయడానికి వచ్చిన ఇంజనీరు గారు కాంక్రీటు మందం టేపు పెట్టి కొలుస్తారు. తల మీద హెల్మెట్ ఉందా, నడుముకు బెల్టు ఉందా అని ఆయనను చూడమన్నవాళ్లు లేరు.

కరెంటు తీగల గురించి కూడా చెప్పాలి. మేడ మీద మేడ లేపుతుంటే తీగలు చేతికందే ఎత్తులోకి వస్తాయి. ఊచ 40 అడుగులుంటుంది, పైకి లాగేటప్పుడు కొస ఎటు తిరుగుతుందో కిందవాడికి కనపడదు. ఆ కాసేపు సప్లై ఆపమని అడిగితే దరఖాస్తు పెట్టుకోమంటారు. అది తేలేలోపు శ్లాబు అయిపోతుంది.

కేంద్రం తెచ్చిన కొత్త కార్మిక భద్రత కోడ్ ప్రకారం నిర్మాణ పనిలో 250 మంది ఉంటేనే సేఫ్టీ ఆఫీసరును పెట్టాలి. పాత చట్టంలో అయితే 500 మంది. మా దగ్గర ఏ పనిలోనూ పట్టుమని పాతికమంది ఉండరు. మరి మమ్మల్ని చూసేదెవరు? మా సంక్షేమం కోసమని వేసే సెస్సు మాత్రం ప్లాను ఇచ్చేటప్పుడే, కట్టడం ఖర్చులో 1 శాతం కట్టించుకుంటున్నారు. మా పేరు మీద వసూలైన ఆ డబ్బులో కొంత బెల్టులకు, వలలకు, ఇనుప పరంజాలకు ఖర్చు పెట్టి మండలానికొక చోట ఉంచితే చిన్న కాంట్రాక్టర్లు అద్దెకైనా తీసుకెళ్తారు. చచ్చాక వచ్చే చెక్కు మా ఆడవాళ్లకు ఆసరానే, కాదనను. కానీ మా బావమరిది భార్యకు కావలసింది చెక్కు కాదండీ, పొద్దున పనికెళ్లిన మనిషి సాయంత్రం తన కాళ్ల మీద ఇంటికి రావడం.

దయచేసి శ్లాబు వేసే ముందు ఎవరో ఒకరు వచ్చి పరంజా చూసి సంతకం పెట్టేలా చేయండి. సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు ఉన్నారు, ఆయనకే ఆ బాధ్యత ఇవ్వండి. దెబ్బ తగిలి ఆసుపత్రికొచ్చిన కూలీని ఎక్కడ పడ్డావని కాంట్రాక్టరు లేనప్పుడు అడిగి రాసుకోమని చెప్పండి. ఇంకా చాలా ఉన్నాయి. కనీసం ఈ రెండూ, వచ్చే వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేలోపే, రాతపూర్వకంగా ఆర్డరు వేయించండి. మళ్లీ మెసేజ్ పంపకండి.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక తాపీ మేస్త్రి