టికెట్లు కొనేముందు తిథి చూడు మామా

అనంతపురం,
ఆదివారం పొద్దున

మామా,

నీ ఉత్తరం వచ్చి పద్దెనిమిది రోజులైంది. ఇంత ఆలస్యం చేసినందుకు మనసులో ఏం పెట్టుకోవద్దు. ఇక్కడ అందరూ బాగుండారు, చెనిక్కాయ అమ్మేసినాం, చిన్నదానికి జలుబు తగ్గింది. ఇంక అసలు సంగతికొస్తా. ఈలోపే నువ్వు టికెట్లు కొనేస్తావేమోనని భయంగా ఉంది నాకు.

నాయనను, అమ్మను, పిల్లలను తీసుకొని అండమాన్ పోవాలనుకోవడం చాలా మంచి పని. పరీక్షలైనాక ఏప్రిల్ అన్నావు, అదీ సరే. మే మూడో వారానికంతా నైరుతి అక్కడికి వచ్చేస్తాది, అప్పుడు పడవల సంగతి చెప్పలేం. ఏప్రిల్‌లో నీళ్ళు తేటగా, అలలు నెమ్మదిగా ఉంటాయి. కానీ ఏప్రిల్‌లో ఏ తేదీ? "లీవు ఎప్పుడిస్తే అప్పుడు" అని రాసినావే, అట్ల కాదు మామా. గోడ మీది క్యాలెండర్‌లో తిథి చూసి కొనాల. ఈ ముక్క చెప్పడానికే ఇంత రాస్తాండా.

మన సీమలో నీళ్ళ లెక్క ఒకటే: పెన్నలో వచ్చినాయా, రాలేదా. సముద్రం అట్ల కాదు. రోజుకు రెండుసార్లు పోటు, అంటే నీళ్ళు పైకెక్కేది, రెండుసార్లు ఆటు, అంటే వెనక్కి పోయేది. పోటుకూ ఆటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు. చంద్రుడు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా పొడుస్తాడు కదా, పోటూ అంతే ఆలస్యంగా వస్తాది. ఈరోజు పొద్దున 6కు ఆటైతే రేపు 6.50కి, నాలుగు రోజులకు 9.20కి. హాస్టల్‌లో నీ బకెట్ మీద గీసుకున్న గీత గుర్తుందా? ఆ గీత పైకీ కిందికీ నడుస్తాంటాదనుకో.

అది ఎంత నడుస్తాదనేది తిథిని బట్టి. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో నిలబడి లాగుతారు. అప్పుడు అక్కడ పోటుకూ ఆటుకూ తేడా రెండు మీటర్ల దాకా ఉంటాది, అంటే మనిషి నిలువు కంటే ఎక్కువే. అష్టమికి ఇద్దరూ చెరో పక్క లాగుతారు కాబట్టి తేడా బాగా తగ్గిపోతాది. ఇంకో మెలిక ఏమంటే, దీని ప్రభావం ఒకటి రెండు రోజులు ఆలస్యంగా తెలుస్తాది. నీళ్ళు అన్నిటికంటే నిదానంగా ఉండేది నవమి, దశమికి. బాగా వెనక్కి పోయేది పాడ్యమి, విదియలకు.

ఇది తెలియక పోయినోళ్ళకు ఏమవుతాదంటే, పెద్ద ఆటు సమయానికి స్నార్కెలింగ్‌కు, అంటే కండ్లకు మాస్కు, నోట్లో గొట్టం పెట్టుకొని నీళ్ళ మీద తేలుతా కింద పగడాలు చూసేదానికి దిగుతారు. పగడాల మీద మోకాలి లోతు కూడా ఉండదు. కడుపు గీసుకుంటాది, కాలు మోపితే పగడం విరుగుతాది. ఆ గాయాల్లో సన్న ముక్కలు ఉండిపోయి చీము పడతాయి, మంచినీళ్ళతో రుద్ది కడగాల. పగడం రాయి కాదు మామా, ప్రాణముండేది. ఏండ్లకేండ్లు పెరిగింది ఒక్క అడుగుకు పోతాది.

కాబట్టి నీకు నేను చెప్పేది ఇది. శుక్ల పక్షంలో అష్టమికి శ్రీవిజయపురం, అదే మన పాత పోర్ట్ బ్లెయిర్‌లో దిగు. నవమి, దశమి, ఏకాదశి స్వరాజ్ ద్వీపంలో, అంటే హేవ్‌లాక్‌లో. ఎలిఫెంట్ బీచ్ స్నార్కెలింగ్ అప్పుడే పెట్టుకో. తరువాత శహీద్ ద్వీపం, పాత పేరు నీల్, అక్కడికి పౌర్ణమి దగ్గరపడే వేళకు చేరతావు. అక్కడ ఒడ్డున తనంతట తానే ఏర్పడిన రాతి వంతెన ఉంది, దాని కిందికి ఆటులో మాత్రమే నడవగలం. రాతి గుంతల్లో ఎండ్రకాయలు, చిన్న చేపలు, పిల్లలు అక్కడి నుంచి కదలరు. రాళ్ళు పాచి పట్టి ఉంటాయి, అమ్మ మోకాళ్ళకు వద్దు, ఆమెను భరత్‌పూర్ బీచ్ నీడలో కూర్చోబెట్టు. ఆటు ఎన్నింటికో ముందురోజే హోటల్‌లో అడుగు, దానికి గంట ముందు బయల్దేరు. నీళ్ళు తిరిగి ఎక్కేటప్పుడు చెప్పి ఎక్కవు.

ఇంక నాయన మీసాల సంగతి! నవ్వొద్దు, ఇది నిజంగా పనికొచ్చేది. మాస్కు అంచు చర్మానికి అతుక్కోవాల. మధ్యలో వెంట్రుకలుంటే ముక్కు కింద నుంచి నీళ్ళు కారుతాయి. మీసం తీయమని ఆయనను అడిగే ధైర్యం నీకూ లేదు, నాకూ లేదు. ముక్కు కింద వ్యాసలీన్ మందంగా పూస్తే చాలా వరకు ఆగుతాది. కొనేటప్పుడో అద్దెకు తీసుకునేటప్పుడో పట్టీ వేయకుండా మాస్కు ముఖానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి పీల్చి చెయ్యి వదులు. కింద పడకపోతే సరైన సైజు. పడిపోయేదాన్ని పట్టీ బిగించి సరిచేయబోతే ఇంకా కారుతాది. పిల్లలకు చిన్న సైజు విడిగా అడుగు. లోపల ఆవిరి పట్టకుండా ఉమ్మి రుద్ది కడగాల, అందరూ చేసేదే. నడుము లోతు నీళ్ళలో పది నిమిషాలు ఊపిరి అలవాటు చేసుకోనీ, తరువాతే లోపలికి.

మిగతావి గబగబా రాస్తా. బెంగళూరు విమానమైతే దేవనహళ్ళి మన దారిలోనే, ఊళ్ళోకి పోయే పని లేదు. అండమాన్‌లో పొద్దు మనకంటే గంట ముందు మునుగుతాది, హేవ్‌లాక్‌లో రాధానగర్ బీచ్‌కు నాలుగున్నరకల్లా చేరు. ఆ పక్కనుండే నీల్స్ కోవ్‌లో ఎవరినీ దిగనీయొద్దు, 2010లో మొసలి ఒక అమ్మాయిని చంపింది అక్కడే. మొసలి బోర్డున్న చోట నీళ్ళు ఎంత తేటగా ఉన్నా ఆగిపోండి. పగడం ముక్కలు పిల్లల జేబుల్లో చేరకుండా చూడు, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. పడవలో అమ్మను మధ్యలో, కింది అంతస్తులో కూర్చోబెట్టు, ఊపు తక్కువ. వాంతుల మాత్ర మాత్రం డాక్టర్‌ను అడిగి, ఎక్కిన తరువాత కాదు, ఎక్కడానికి అరగంట ముందే

కర్నూలు బస్సు డ్రైవర్ హారన్ కొడతాండాడు, ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తాండా. అష్టమి ఏ తేదీనో చూసి ఫోన్ చెయ్, ఆ తరువాతే టికెట్లు.

నీ
బకెట్ మామ