కొబ్బరి మోడు ఇంకా ఎందుకుందంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

సైకిల్ స్టాండు వెనక మొవ్వు ఎండిపోయిన కొబ్బరిచెట్టును ఇంకా ఎందుకు ఉంచారని పోయిన మీటింగులో కొందరు అడిగారు. సంక్రాంతి సెలవులయ్యాక కొట్టించాలనే అనుకున్నాం, మనిషిని కూడా మాట్లాడాను. ఈలోగా ఎనిమిదో తరగతి పిల్లలు గుప్పెడు చెక్కపొట్టు తెచ్చి నా టేబుల్ మీద పోశారు. చెదలేమో అన్నాను. "కాదు సార్, పైన టకటకమంటోంది" అన్నారు. వెళ్లి చూస్తే బంగారు వీపు వడ్రంగిపిట్టల జంట!

అప్పటినుంచి ఇరవై అడుగుల దూరంలో కూర్చుని రోజూ బడి మొదలయ్యే ముందు అరగంట చూస్తున్నారు. నెత్తంతా ఎర్రగా ఉంటే మగది. ఆడదానికి నుదురు నల్లగా, తెల్లచుక్కలతో ఉంటుంది, వెనక కుచ్చు మాత్రమే ఎరుపు. ఆ తేడా తెలిశాక ఏది ఎంతసేపు తొలిచిందో నోటుబుక్కులో లెక్క కట్టారు. రెండూ తొలిచాయి. ఇంటిపనుల పంపకం మీద ఆడపిల్లలు అక్కడే కొన్ని వ్యాఖ్యలు రాశారు, అవి ఇక్కడ వేయడం లేదు.

మార్చి మొదటివారంలో పొట్టు రాలడం ఆగింది. ఒకటి లోపలుంటే ఒకటి బయట. అంటే గుడ్లు పెట్టాయన్నమాట. మామూలుగా రెండో మూడో తెల్లటి గుడ్లు పెడతాయి, పదకొండు రోజులకు పొదుగుతాయి. ఫోను కర్రకు కట్టి తొర్రలోకి చూస్తామన్నారు, వద్దన్నాను. తర్వాత ఒక చిక్కొచ్చింది: పెద్దపిట్టలు పదేపదే లోపలికి వెళ్తున్నాయి, ముక్కులో మాత్రం ఏమీ కనిపించదు. ఇవి చీమల్ని, పురుగుల్ని మింగి తెచ్చి, లోపల కక్కి పిల్లల నోట్లో పెడతాయి. ఈ సంగతి నాకూ పుస్తకం చూశాకే తెలిసింది.

మోడు కూలుతుందన్న మీ భయం న్యాయమైనదే. అందుకే స్టాండును గేటు పక్కకు మార్చాం, చుట్టూ తాడు కట్టాం. పోయిన ఆదివారం ఎవరో రాళ్లు విసిరారు. దయచేసి సెలవురోజుల్లో పిల్లల్ని అటు పంపకండి. పాత బైనాక్యులర్ ఎవరింట్లోనైనా ఉంటే ఏప్రిల్ దాకా ఇవ్వండి. పొదిగిన ఇరవై రోజులకు పిల్లలు ఎగిరిపోతాయి, వేసవి సెలవుల్లోపే చూడొచ్చు.

ఆ తర్వాత మోడు కొట్టించాలా వద్దా అన్నది మీతో మాట్లాడి తేలుద్దాం. వదిలేసిన తొర్రల్లో మన రాష్ట్రపక్షి రామచిలుక కాపురం పెడుతుంది కాబట్టి కొట్టొద్దంటూ ఎనిమిదో తరగతి అర్జీ ఇప్పటికే నా టేబుల్ మీదుంది.

మీ ప్రధానోపాధ్యాయుడు