పొంగలిలో తీగ కేసు: మా పక్కన నిలబడినవాళ్లకు కృతజ్ఞతలు

తిరుపతిలో ఒక హోటల్ పొంగలిలో వచ్చి, మా ఇంట్లో ఒకరి గొంతులో గుచ్చుకున్న స్టీలు పీచు తీగ మీద వేసిన కేసులో జిల్లా వినియోగదారుల కమిషన్ తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. హోటల్ పేరు రాయడం లేదు. సాయం చేసినవాళ్లకు మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు.

మొదట పక్క టేబుల్లో కూర్చున్న చిత్తూరు దంపతులకు. గొంతులో ఏదన్నా గుచ్చుకుంటే అన్నం ముద్దో అరటిపండో మింగమంటారు మన దగ్గర. అట్లా మింగితే తీగ ఇంకా లోపలికి దిగిపోవచ్చు. ఆ అక్క మింగనివ్వలేదు. అన్న ప్లేటు కదలనీయకుండా, పక్కనే బిల్లు పెట్టి ఫోటోలు తీశాడు. తర్వాత ఇద్దరూ అఫిడవిట్ (ప్రమాణం చేసి రాసిచ్చే వాంగ్మూలం) ఇచ్చారు. కమిషన్‌లో విచారణ ఎక్కువగా అఫిడవిట్ల మీదే నడుస్తుంది. బంధువుల మాట కన్నా ముక్కూమొహం తెలియనివాళ్ల మాటకు బరువెక్కువ.

ఈఎన్‌టీ డాక్టరు గారి రుణం తీర్చుకోలేం. కుడి టాన్సిల్‌లో దిగిన తీగను తీసి, కడగకుండా, పొడి డబ్బాలో వేసి, మూత మీద పేరు, తేదీ, టైము రాసి సంతకం పెట్టారు. రిబ్బనులా చదునుగా, స్ప్రింగులా మెలితిరిగిన తీగ. ఒక కొసన మిరియపు తొక్క అంటుకుని ఉంది. కడిగుంటే ఆ తొక్క పోయేది. కేస్ షీటులో ‘ఫారిన్ బాడీ’ (ఒంట్లోకి వచ్చిన బయటి వస్తువు) అని రాసి వదిలేయలేదు. ఏం తింటుండగా, ఎన్ని గంటలకు, ఎక్కడ దిగింది, ఎంత పొడవు, అన్నీ రాశారు. గొడవ మొదలుకాక ముందే రాసిన కాగితం కాబట్టి కేసు కోసం పుట్టించారనడానికి వీల్లేకపోయింది.

హోటల్ వాదన ఒక్కటే: “మేం స్టీలు పీచు వాడం, తీగ బయటిది.” అదే రోజు ఫుడ్ సేఫ్టీ అధికారికి ఫిర్యాదు ఇప్పించిన మా వీధి మామయ్యకు అందుకే దండాలు. గిన్నెలు తోమేచోట స్టీలు పీచులు ఉన్నాయని తనిఖీ నివేదికలో ఉంది. 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టించి ఆ కాపీ తెప్పించిందీ ఆయనే.

ఇక అడ్వకేటు మేడమ్. బోర్డు మీది పేరు నమ్మకుండా, బిల్లు మీది 14 అంకెల ఫుడ్ లైసెన్సు నంబరు పట్టుకుని అసలు యజమాని పేరు మీద కేసు వేశారు. పేరు తప్పితే అక్కడే నెలలు పోతాయి. థర్మల్ బిల్లు మీది అక్షరాలు చెరిగిపోతాయని తొలిరోజే జిరాక్సు తీయించారు. సీసీ కెమెరా రికార్డు చెరపొద్దని వెంటనే నోటీసు పంపారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో కేసు జిల్లా, రాష్ట్ర, జాతీయ కమిషన్లలో దేనికి వెళ్లాలో తేల్చేది మనం కట్టిన బిల్లే, అడిగే పరిహారం కాదు. ఆ బిల్లు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి, మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. ఎదుటివాళ్ల జవాబుకు 30 రోజులు, మహా అయితే ఇంకో 15.

అప్పీలు గడువు 45 రోజులు. అది దాటేదాకా ఒరిజినల్ బిల్లును మేడమ్ తన దగ్గరే భద్రంగా ఉంచారు.

మేనేజరు తీసేయమన్నా ప్లేటు తీయకుండా ఆగిన సర్వరు తమ్ముడి పేరు, పనికి ఇబ్బంది రాకూడదని, రాయడం లేదు. తమ్ముడూ, నువ్వు ఆ ప్లేటు ఎత్తేసి ఉంటే ఫోటోలే లేవు. నీ మేలు మరిచిపోం.