పోటు సమయం ఒక్కటే వేస్తే చాలదు

సంపాదకులు గారికి,

మీ వాతావరణం పేజీలో రోజూ ఓ మూల సముద్రపు పోటు (నీరు బాగా ఎక్కే వేళ) ఇన్నింటికి, పాటు (బాగా తీసే వేళ) ఇన్నింటికి అని వేస్తున్నారు. అది ఏ రేవుకో ఉండదు, నీటి మట్టం ఎంతో ఉండదు. తీరానికి వెళ్లేవాళ్లకు ఇది సగం సమాచారమే, ఒక్కోసారి ప్రమాదం కూడా.

పోటు తీరమంతటా ఒకేసారి రాదు. అఖాతం ఆకారాన్ని బట్టి, నేల లోతును బట్టి ముందూ వెనకా అవుతుంది. ఏటి మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, దగ్గర వచ్చిన పోటు లోపలికి చేరేసరికి ఇంకా ఆలస్యం. అందుకే పోటుపాట్ల పట్టికలు ప్రధాన రేవుకు లెక్కకట్టి, చుట్టుపక్కల చిన్న రేవులకు ఎన్ని నిమిషాలు కలపాలో, తీసెయ్యాలో చెబుతాయి. రేవు పేరే లేకపోతే దేనికి కలపాలి?

నిన్నటి సమయానికి 50 నిమిషాలు కలుపుకుంటే చాలనుకునేవాళ్లున్నారు. చంద్రుడు కూడా ముందుకు జరుగుతుంటాడు కాబట్టి, మనమున్న చోటు మళ్లీ అతనికి ఎదురుగా రావడానికి సగటున 24 గంటల 50 నిమిషాలు పడుతుంది, నిజమే. కానీ అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఈ తేడా తగ్గుతుంది, అష్టమి దగ్గర గంట దాటొచ్చు.

మట్టం సంగతి ఇంకా ముఖ్యం. పోటు మీద సూర్యుడి ప్రభావం చంద్రుడి దానిలో సగానికి కాస్త తక్కువ. అమావాస్యకూ పౌర్ణమికీ రెండూ కలిసి పనిచేస్తాయి. చాలాచోట్ల ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు నీరు బాగా ఎక్కుతుంది, బాగా తీస్తుంది. అష్టమికి ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి.

పాటు 0.4 మీటర్లు, పోటు 4 మీటర్లు అనుకుందాం. ఆరు గంటల్లో 3.6 మీటర్లు ఎక్కాలి. గంటగంటకూ 12లో 1, 2, 3, 3, 2, 1 వంతుల చొప్పున ఎక్కుతుందని పాత లెక్క. మొదటి గంటలో 30 సెంటీమీటర్లే కాబట్టి రాళ్ల మీదున్నవాళ్లు నిదానంగానే వస్తోంది కదా అనుకుంటారు. మూడో, నాలుగో గంటల్లో కలిపి మాత్రం 1.8 మీటర్లు, అంటే నిలువెత్తు నీళ్లు! ఈలోగా వెనక పల్లం నిండి తిరుగుదారి మూసుకుపోతుంది. రోజుకు రెండు పోట్లు వచ్చే తీరాలకే ఈ అంచనా. పోటు చకచకా ఎక్కి మెల్లగా తీసే ఏటి మొగల్లో నమ్మకూడదు.

ఇదంతా సూర్యచంద్రుల లెక్క, గాలివానకు ఇందులో చోటు లేదు. వాయుపీడనం ఒక మిల్లీబార్ తగ్గితే సముద్రం దాదాపు ఒక సెంటీమీటరు లేస్తుంది, ఒడ్డుకు వీచే గాలి ఇంకా తోస్తుంది. అల్పపీడనం ఉన్న రోజు పట్టిక పక్కనే ఆ హెచ్చరిక ఉండాలి.

రేవు పేరు, పోటుపాట్ల సమయాలు, ఒక్కోదానికీ మట్టం మీటర్లలో, ఆ రోజు తిథి వేయండి. రాశిఫలాలకు అంత చోటిచ్చే పేజీలో ఈ నాలుగు అంకెలకు చోటు దొరక్కపోదు. పోటు సమయానికే ప్రవాహం ఆగుతుందని పడవలవాళ్లు అనుకోకుండా మరో వాక్యం చేర్చండి: ఇరుకు మొగల్లో మట్టం తగ్గడం మొదలయ్యాక కూడా నీరు కాసేపు లోపలికే పారుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు